సాహా ఓడిపోయిన వాదం

1954 మే 10న లోక్‌సభలో అణుశక్తి మీద చర్చ జరిగింది. ఆ రోజు ప్రభుత్వాన్ని గట్టిగా నిలదీసిన సభ్యుడు వృత్తి రాజకీయవేత్త కాదు. నక్షత్రాల వర్ణపటం చూసి వాటి ఉష్ణోగ్రతను, వాటిలోని మూలకాల స్థితిని లెక్కకట్టే సమీకరణాన్ని 1920లో ప్రపంచానికి అందించిన మేఘనాద్ సాహా. 1952 ఎన్నికల్లో కలకత్తా వాయవ్య నియోజకవర్గంలో వామపక్షాల మద్దతుతో స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, కాంగ్రెస్‌ను ఓడించి సభకు వచ్చారు. ఆయన కోరినవి స్థూలంగా రెండు. 1948 నాటి అణుశక్తి చట్టం కప్పిన రహస్యపు ముసుగు తీసేయాలి. ఈ పరిశోధనను కొద్దిమంది చేతుల్లోంచి విశ్వవిద్యాలయాల్లోకి తీసుకురావాలి. జవాబు చెప్పింది ప్రధాని నెహ్రూ. మూడు నెలలు తిరక్కుండానే, ఆగస్టు 3న, అణుశక్తి శాఖ పుట్టింది. శాఖ నేరుగా ప్రధాని చేతిలో ఉంటుంది, కార్యదర్శి భౌతిక శాస్త్రజ్ఞుడు హోమీ భాభా. సాహా కోరినదానికి ఇది సరిగ్గా ఎదురు దిక్కు. మన దేశంలో పరిశోధనకు ప్రభుత్వం డబ్బు ఇచ్చే పద్ధతి ఎలా స్థిరపడిందో తెలుసుకోవాలంటే, సాహా ఎందుకు ఓడిపోయారో చూడాలి.

పరిశోధన మీద రాజకీయ పెత్తనం అనగానే చదువుకున్నవారికి ముందు గుర్తొచ్చేది సోవియట్ రష్యా. 1948 ఆగస్టులో అక్కడి వ్యవసాయ శాస్త్రాల అకాడమీ అధికారం అండ ఉన్న వ్యవసాయ శాస్త్రవేత్త లైసెంకో మాట విని జన్యుశాస్త్రాన్ని వెలివేసింది. అంతకు అయిదేళ్ల ముందే మహా జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ సరాటోవ్ జైల్లో కన్నుమూశారు. ఆ కొలతతో చూస్తే మన దేశం ఎంతో మర్యాదగా నడిచింది. ఏ సమీకరణం తప్పో ఏ సిద్ధాంతం ఒప్పో మన మంత్రులెవరూ చెప్పలేదు. కేంబ్రిడ్జిలో ప్రకృతి శాస్త్రాలు చదివిన నెహ్రూ శాస్త్రవేత్తలను ప్రేమించారు, నమ్మారు, అడిగిందల్లా ఇచ్చారు. అందుకే మన దగ్గర రాజకీయ ప్రభావం కంటికి కనబడదు. కానీ డబ్బు ఏ దారిన వస్తుంది, ఆ దారి ఎవరి గుమ్మం ముందు మొదలవుతుంది అన్నది కూడా రాజకీయమే. 1947కూ 1954కూ మధ్య ఆ దారిని ప్రధాని గదిలోంచి వేశారు. రాజకీయాల నుంచి శాస్త్రాన్ని కాపాడటానికే అలా వేశామని చెప్పుకున్నారు. ఒక్క మనిషి నమ్మకం మీద నిలబడిన రక్షణ కూడా రాజకీయ ప్రభావమేనని, పైగా అన్ని రూపాల్లోకీ ప్రశ్నించడానికి వీల్లేనిది అదేనని నా వాదన.

మొదట్లో దారి ఇలా లేదు. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక బ్రిటన్ నుంచి సరుకు రావడం కష్టమైంది. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో వాణిజ్యం చూస్తున్న ఆర్కాట్ రామస్వామి మొదలియార్ పట్టుబట్టి 1940లో శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన బోర్డును పెట్టించారు. ఏడాదికి 5 లక్షల రూపాయలు. దానికి లాహోర్ నుంచి శాంతిస్వరూప్ భట్నాగర్‌ను పిలిపించారు. భట్నాగర్ అప్పటికే పేరున్న రసాయన శాస్త్రవేత్త. చమురు బావులు తవ్వేటప్పుడు బురద గడ్డకట్టే చిక్కును విడదీసినందుకు స్టీల్ బ్రదర్స్ కంపెనీ లక్షన్నర ఇస్తే, ఆ సొమ్మును విశ్వవిద్యాలయంలో పరిశోధనకే మళ్లించిన మనిషి. 1941 నవంబరులో కేంద్ర శాసనసభ పారిశ్రామిక పరిశోధన నిధికి ఏటా 10 లక్షల చొప్పున అయిదేళ్లు ఇవ్వాలని తీర్మానించింది. 1942 సెప్టెంబరు 26న శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్) ఏర్పడింది. ఆ శాసనసభకు ఉన్న అధికారం అంతంత మాత్రం, ఓటు హక్కు కొందరికే. అయినా పరాయి పాలనలో పరిశోధన పద్దు బహిరంగంగా, సభలో, ఇంత మొత్తం ఇన్నేళ్లకు అని చర్చించి మంజూరైంది. స్వరాజ్యం వచ్చాక ఈ అలవాటు బలపడాల్సింది.

శాస్త్రాన్ని రాజకీయ నాయకుల ముందుకు తీసుకెళ్లినవాళ్లలో మొదటి వరుస సాహాదే. ఢాకా దగ్గరి పల్లెలో చిన్న దుకాణదారు ఇంట పుట్టిన ఆయన, దేశం పేదరికం పోవాలంటే పెద్ద పరిశ్రమలు, నదీ ప్రాజెక్టులు కావాలని నమ్మారు. 1935లో ‘సైన్స్ అండ్ కల్చర్’ పత్రిక పెట్టి ఆ మాటే నెలనెలా రాశారు. 1938లో సుభాష్ చంద్రబోస్ కాంగ్రెస్ అధ్యక్షుడిగా ఉండగా జాతీయ ప్రణాళికా సంఘం ఏర్పడటం వెనుక సాహా ఒత్తిడి ఉంది. దానికి నెహ్రూయే అధ్యక్షుడు కావాలని కోరుకున్నవారిలోనూ ఆయన ఉన్నారు. కాబట్టి రాజకీయాలకు దూరంగా స్వచ్ఛంగా ఉందామన్న పండితుడు కాదాయన. శాస్త్రానికి ప్రభుత్వం అండ కావాలి, ఆ అండ నలుగురి ముందూ వాదించి గెలుచుకోవాలి అన్నది ఆయన పద్ధతి. తర్వాతి కాలంలో ఆయన్ను అసూయాపరుడిగా, కోపిష్టిగా చిత్రించినవాళ్లు ఈ పూర్వరంగాన్ని తరచుగా మరిచిపోతారు.

స్వాతంత్ర్యం వచ్చాక నెహ్రూ శాస్త్ర పరిశోధనను తన దగ్గరే ఉంచుకున్నారు. సీఎస్‌ఐఆర్‌కు ప్రధానే అధ్యక్షుడు అన్న ఆనవాయితీ అక్కడ మొదలై ఇప్పటికీ సాగుతోంది. 1948లో శాస్త్ర పరిశోధన శాఖ ప్రధాని కింద ఏర్పడింది, భట్నాగర్ కార్యదర్శి అయ్యారు. ఇక ప్రయోగశాలలు వరసకట్టాయి. 1950 జనవరిలోనే పుణెలో రసాయన ప్రయోగశాల, ఢిల్లీలో భౌతిక ప్రయోగశాల తెరుచుకున్నాయి. 1955 మొదటి రోజున భట్నాగర్ కన్నుమూసేనాటికి అవి డజనుకు చేరాయి. ఏది ఎక్కడ పెట్టాలన్న దాంట్లో శాస్త్రంతో పాటు చాలా లెక్కలు పనిచేశాయి. లక్నోలో ఔషధ పరిశోధన నవాబుల ఛత్తర్ మంజిల్‌లో, మైసూరులో ఆహార పరిశోధన రాజావారిచ్చిన చెలువాంబ భవనంలో మొదలయ్యాయి. చెట్టినాడులోని కారైక్కుడికి విద్యుత్ రసాయన ప్రయోగశాల వచ్చిన తీరు ఇంకా చిత్రం. విద్యుత్ రసాయన శాస్త్రానికీ చెట్టినాడు ఊళ్లకూ అప్పటికి ఏ సంబంధమూ లేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక వ్యాపారి అళగప్ప చెట్టియార్ తన ఊళ్లో కాలేజీలు కడుతున్నారు. జాతీయ ప్రయోగశాల ఒకటి వస్తే 300 ఎకరాలు, 15 లక్షలు ఇస్తానన్నారు. 1948 జులైలో నెహ్రూ వెళ్లి శంకుస్థాపన చేశారు. 1953లో రాధాకృష్ణన్ ప్రారంభించారు. ఆ సంస్థ తర్వాత మంచి పనే చేసింది. కానీ ఏ అంశానికి జాతీయ ప్రయోగశాల కావాలి, ఏ ఊళ్లో కావాలి అన్న ప్రశ్నలకు జవాబు దాత, భట్నాగర్, ప్రధాని మధ్యే తేలిపోయింది. ఇందులో లంచం లేదు, దురుద్దేశం లేదు. నలుగురూ కూర్చుని అడిగే వేదిక కూడా లేదు.

అణుశక్తి విషయానికి వస్తే వేదిక లేకపోవడాన్నే చట్టంగా రాసుకున్నారు. 1948 ఏప్రిల్‌లో రాజ్యాంగ సభ శాసనసభగా కూర్చున్నప్పుడు నెహ్రూ అణుశక్తి బిల్లు తెచ్చారు. మైసూరు సభ్యుడు ఎస్.వి.కృష్ణమూర్తి రావు బ్రిటన్, అమెరికా చట్టాలు ముందు పెట్టుకుని మాట్లాడారు. అమెరికాలో చట్టసభకు తనిఖీ అధికారం ఉంది, బ్రిటన్‌లో రహస్యం రక్షణ అవసరాల వరకే. శాంతి కోసమే అంటున్న మనకు వాళ్లను మించిన గోప్యత ఎందుకన్నారు. శాంతి అవసరాన్నీ యుద్ధ అవసరాన్నీ ఎలా విడదీయాలో తనకు తెలియడం లేదని నెహ్రూ ఒప్పుకున్నారు. నిజాయితీ గల సమాధానమే. బిల్లు మాత్రం నెగ్గింది. ఆ నెల 26న భాభా నెహ్రూకు ఒక పత్రం రాశారు. అణు పరిశోధనను ముగ్గురికి మించని చిన్న సంఘానికి అప్పగించాలి, అది మధ్యలో ఇంకెవరూ లేకుండా ప్రధానికే జవాబుదారీ కావాలి అని. ఆగస్టు 10న కమిషన్ ఏర్పడింది. భాభా, భట్నాగర్, కె.ఎస్.కృష్ణన్, సరిగ్గా ముగ్గురే. భాభా ప్రధానికి రాసే ఉత్తరాల్లో సంబోధన ‘భాయ్’. ఇంట్లో అక్కచెల్లెళ్లు పిలిచే పిలుపు అది. ఒక శాఖ బడ్జెట్టు ఇంతటి చనువు మీద నడిస్తే, దాన్ని ప్రశ్నించే ఆర్థిక శాఖ గుమస్తాకైనా ప్రతిపక్ష సభ్యుడికైనా నోరు పెగలడం కష్టం.

సాహా 1948లోనే ఈ కమిషన్ తొందరపాటు అన్నారు. ముందు పరిశ్రమ పునాది కావాలి, విశ్వవిద్యాలయాల్లో కేంద్రక భౌతిక శాస్త్రం నేర్పి మనుషులను తయారుచేసుకోవాలి, కమిషన్ సంగతి ఆ తర్వాత అన్నది ఆయన మాట. అది ఒట్టి సూత్రం కాదు, స్వయంగా పడిన పాటు. తన శిష్యుడు బసంతీ దులాల్ నాగ్‌చౌధురిని బర్క్‌లీలో, కణాల వేగం పెంచే సైక్లోట్రాన్ యంత్రాన్ని కనిపెట్టిన లారెన్స్ దగ్గరకు పంపి, టాటా ట్రస్టు ఇచ్చిన 60 వేలతో కలకత్తా విశ్వవిద్యాలయంలో సైక్లోట్రాన్ కట్టబోయారు. అయస్కాంతం భాగాలు యుద్ధం ముదరకముందే వచ్చేశాయి. శూన్యం సృష్టించే పంపులు తెస్తున్న ఓడను జపాన్‌వాళ్లు ముంచేశారు. పంపులు ఇక్కడే తయారుచేసుకోవాలని కూర్చున్నారు. యంత్రం ఏళ్ల తరబడి సరిగా నడవలేదు. దేశంలో మొదట ఆ ప్రయత్నం చేసింది కలకత్తా, ధార ఆగకుండా నిధులు వెళ్లింది బొంబాయికి. అక్కడ భాభా 1945లో టాటాల సాయంతో పెట్టిన సంస్థ కొన్నేళ్లలోనే కేంద్రం డబ్బు మీద పెరగడం మొదలైంది. సైక్లోట్రాన్ నడవకపోవడం సాహా చేతకానితనమని కొందరన్నారు. అదే యంత్రానికి ప్రధాని అండ ఉండి ఉంటే ఇంకో పంపుల జత ఎన్నాళ్లలో వచ్చేదో ఊహించడం కష్టమేం కాదు.

ఇప్పుడు నెహ్రూ పక్షాన చెప్పదగిన మాటలు చూద్దాం. అవి బలహీనమైనవేం కావు. మొదటిది ఆర్థిక శాఖ గురించి. దేవుడు కరుణించినా పూజారి కరుణించడన్నట్టు, ఆనాటి ఢిల్లీలో మంత్రివర్గం ఒప్పుకున్న పని కూడా కొర్రీల మధ్య ఏళ్లకేళ్లు నలిగేది. విభజన, శరణార్థులు, తిండి గింజల కొరత ఉన్న దేశంలో, అడ్డంకులు దాటే బలం ప్రధానికొక్కరికే ఉంది. ఆయన చేయి వేయకపోతే ఆ డజను ప్రయోగశాలల్లో సగం కాగితం మీదే ఉండేవి. ఇది నిజం. మొదటి పదేళ్లకు ఈ వాదనను నేనూ ఒప్పుకుంటాను. కానీ అత్యవసరంలో వేసిన తాత్కాలిక దారి పదేళ్లకు రాజమార్గం అయింది. 1958 మార్చి 1న అణుశక్తి కమిషన్‌ను పునర్వ్యవస్థీకరించి, బడ్జెట్టు పరిధిలో దాదాపు పూర్తి ఆర్థిక, పాలనాధికారాలు దానికే ఇచ్చారు. ప్రధాన కార్యాలయం బొంబాయి. 1962లో కొత్త అణుశక్తి చట్టం గోప్యతను సడలించలేదు, ఇంకా బిగించింది. అప్పటికి కరవు రోజుల తొందర ఏదీ లేదు. సౌకర్యం అలవాటైంది.

రెండో మాట విశ్వవిద్యాలయాల గురించి. విద్య అప్పట్లో రాష్ట్రాల జాబితాలోని అంశం. 1976లో రాజ్యాంగ సవరణ జరిగేదాకా అంతే. రాష్ట్రాల చేతిలో డబ్బు లేదు. ఉపకులపతి పదవులు, నియామకాలు స్థానిక కులాల, వర్గాల లాగులాటల్లో ఉన్నాయి. అలాంటి చోట కోట్లు పోస్తే ఏం మిగులుతుంది? ఢిల్లీ రాజకీయం వద్దంటే జిల్లా రాజకీయానికి అప్పగించినట్టు కాదా? ఈ ఆక్షేపణలో పస ఉంది. అయితే విశ్వవిద్యాలయాలు అప్పుడు నిజంగా ఎలా ఉన్నాయో చూడకుండా తీర్పు చెప్పకూడదు. వాల్తేరునే తీసుకోండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ముప్ఫై, నలభైల్లో భౌతిక శాస్త్రంలో సూరి భగవంతం, రసాయన శాస్త్రంలో టి.ఆర్.శేషాద్రి పనిచేశారు. రామన్ దగ్గర పనిచేసి వచ్చిన సి.మహదేవన్ అక్కడ భూగర్భ శాస్త్రాన్ని నిలబెట్టారు. యాభైల్లో అమెరికా సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వచ్చి విశాఖ తీరాన బంగాళాఖాతాన్ని కొలిచే పని నేర్పారు. పశ్చిమ గోదావరి నుంచి హిమాలయాలకు వెళ్లి సన్యసించి, ప్రేగ్, లివర్‌పూల్, మిషిగన్‌లలో భౌతిక శాస్త్రం చేసిన స్వామి జ్ఞానానంద అక్కడ కేంద్రక భౌతిక శాస్త్ర ప్రయోగశాల పెట్టారు. కాషాయం కట్టుకుని రేడియోధార్మికత కొలిచే ఆచార్యుడు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నారో లేదో! బీజం లేని నేలలో ఇవి మొలవవు.

ఆ మనుషులు తర్వాత ఎటు వెళ్లారో చూస్తే సాహా భయం అర్థమవుతుంది. శేషాద్రి 1949లో ఢిల్లీ విశ్వవిద్యాలయానికి వెళ్లిపోయారు. అదైనా విశ్వవిద్యాలయమే. భగవంతం ఉస్మానియా ఉపకులపతిగా, బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ డైరెక్టరుగా పనిచేసి చివరకు రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారు అయ్యారు. ఆయన ఎదుగుదల మనకు గర్వకారణమే. కానీ వాల్తేరు కుర్రవాడికి మాత్రం భగవంతం పాఠం పోయింది. ఇలా ప్రతి రాష్ట్రంలోనూ జరిగింది. విచిత్రమేమిటంటే ఈ సంగతి ఒప్పుకున్నది మరెవరో కాదు, భాభాయే. 1966 జనవరిలో, ఆల్ప్స్ మీద విమాన ప్రమాదంలో చనిపోవడానికి రెండు వారాల ముందు, బొంబాయిలో అంతర్జాతీయ శాస్త్ర సంఘాల సభలో మాట్లాడుతూ, జాతీయ ప్రయోగశాలలు మంచి మనుషులను లాగేసుకోవడం వల్ల విశ్వవిద్యాలయాలు బలహీనపడ్డాయన్నారు. ఆ విమర్శ సీఎస్‌ఐఆర్ పద్ధతి మీద. తన సంస్థ మనుషుల చుట్టూ పెరిగింది గాని భవనాల చుట్టూ కాదని ఆయన సమర్థన. తేడా ఉన్నమాట నిజం. కానీ దేశంలోని భౌతిక శాస్త్రజ్ఞులను లాక్కోవడంలో ట్రాంబే అణు కేంద్రం ఏ జాతీయ ప్రయోగశాలకూ తీసిపోలేదు.

సాహాది వ్యక్తిగత కక్ష అన్న ఆరోపణ ఇంకొకటి. బొంబాయి కులీనుడు భాభా ముందు తూర్పు బెంగాల్ దుకాణదారు కొడుకు చిన్నబుచ్చుకున్నాడు, కమిషన్‌లో చోటు దక్కలేదన్న ఉక్రోషం చట్టం మీద చూపించాడు అని. మనసులో ఏముందో మనకెందుకు? ఉక్రోషమే ఉన్నా, దాన్ని తీర్చుకోవడానికి ఆయన ప్రధాని గుమ్మం దగ్గర కాచుకోలేదు. ఓటర్ల దగ్గరకు వెళ్లి, గెలిచి, సభలో నిలబడి, లెక్కలతో మాట్లాడారు. వ్యక్తిగత తగాదాకు ఇంతకన్నా సభ్యమైన రూపం ఉంటుందా? పైగా కలకత్తాలో ఆయన పెట్టిన కేంద్రక భౌతిక శాస్త్ర సంస్థ కూడా చివరకు ఆ అణుశక్తి డబ్బు మీదే బతకాల్సి వచ్చింది. ఎదిరించినవాడిని కూడా అదే గుమ్మం దగ్గర నిలబెట్టింది ఈ ఏర్పాటు. సి.వి.రామన్ ఒక్కరే పూర్తిగా తప్పుకున్నారు. 1948లో బెంగళూరులో సొంత సంస్థ పెట్టుకుని, దానికి సర్కారు సొమ్ము వద్దన్నారు. ప్రయోగశాలలు పుట్టగొడుగుల్లా లేస్తున్న తీరును ‘నెహ్రూ–భట్నాగర్ ఎఫెక్ట్’ అని ఎగతాళి చేసేవారట, తన పేరిట ఉన్న ఎఫెక్టుకు జోడీగా. నోబెల్ బహుమతి ఉన్నవాడికి ఆ బింకం చెల్లింది. ఏ జిల్లా కాలేజీ లెక్చరరుకు చెల్లుతుంది?

డబ్బు దారి ఒకటే అయితే, ప్రశ్నలు కూడా ఆ దారి ఒప్పుకున్నవే పుడతాయి. భాభా సంస్థలోనే గణితం చేస్తున్న డి.డి.కోశాంబి, ఎండ పుష్కలంగా ఉన్న దేశానికి అణు రియాక్టర్ల కన్నా సౌరశక్తి పరిశోధన తగినదని పదే పదే రాశారు. 1962లో ఆయన ఉద్యోగ ఒప్పందాన్ని సంస్థ పొడిగించలేదు. అణుశక్తి మీద ఆయన అభిప్రాయమే అందుకు కారణమని నేననను. ఆయనతో సహోద్యోగులకు వేరే తగాదాలూ ఉన్నాయి. ఢిల్లీ భౌతిక ప్రయోగశాల యాభైల్లో చేసిన సౌర పొయ్యి అమ్ముడుపోక నవ్వులపాలైందని కూడా చెప్పాలి, లేకపోతే సౌరశక్తికి అన్యాయం జరిగిందన్న కథ మరీ సాఫీగా కనబడుతుంది. కానీ ఒక పొయ్యి విఫలమైతే సౌరశక్తి ఊసు ఆగిపోయింది. అణుశక్తి పట్ల సహనం మాత్రం ఎంత ఉదారంగా ఉందో చూడండి. 1980 నాటికి 8 వేల మెగావాట్లు అన్నది భాభా కాలపు అంచనా. 1980లో తారాపూర్, రాజస్థాన్ కలిపి ఉన్నది సుమారు 600 మెగావాట్లు. ఏ ఇతర శాఖ అయినా గురి ఇంత తప్పితే విచారణ సంఘం వేసేవారు.

నిజంగానే ఒక సంస్థ మీద విచారణ సంఘం వేశారు. సీఎస్‌ఐఆర్‌కు రహస్య చట్టం లేదు, కాబట్టి దాని మీద పార్లమెంటు మాట్లాడగలిగింది. భవనాలకు ఇంత పోశారు, పరిశ్రమలకు ఏం ఒరిగిందని సభ్యులు అడిగారు. అరవైల చివర మాజీ ప్రధాన న్యాయమూర్తి ఎ.కె.సర్కార్ అధ్యక్షతన విచారణ సంఘం కూర్చుంది. డెబ్బైల చివర జనతా ప్రభుత్వం కొన్ని ప్రయోగశాలలను మంత్రిత్వ శాఖలకు పంచాలని చూసింది. ఈ తిట్లలో అన్నీ న్యాయమైనవి కావు. కానీ వాటి వల్ల కొంత మేలు జరిగిందని నేననుకుంటాను. తెనాలి ప్రాంతపు యలవర్తి నాయుడమ్మ మద్రాసు తోళ్ల పరిశోధన సంస్థ నుంచి వచ్చి 1971లో సీఎస్‌ఐఆర్ పగ్గాలు పట్టినప్పుడు, ప్రయోగశాలల్లోని పనితనాన్ని ఒక జిల్లాకు తీసుకెళ్దామని కరీంనగర్‌ను ఎంచుకున్నారు. ఫలితాలు ఎంత నిలిచాయన్నది వేరే సంగతి. ఎవరి కోసం ఈ పరిశోధన అన్న ప్రశ్నకు ఒక సంస్థ కాళ్లు కదిపి జవాబు చెప్పబోయింది, ఆ ప్రశ్న సభలో అడిగారు గనక. హైదరాబాదులో 1944లో నిజాం ప్రభుత్వం పెట్టిన కేంద్ర ప్రయోగశాలలు 1956లో సీఎస్‌ఐఆర్‌లో చేరి, హుసేన్ జహీర్ చేతుల్లో పెరిగి, ఇవాళ భారతీయ రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ)గా ఉన్నాయి. వాటి చరిత్రలో కూడా ఈ తనిఖీల రాపిడి కనిపిస్తుంది. పక్కనే అణుశక్తి శాఖ చరిత్రలో అలాంటిది వెతికినా దొరకడం అరుదు.

అణుశక్తి, అంతరిక్షం సాధించినవి కళ్లముందున్నాయి కదా, ఆ విజయాలకు ప్రధాని నేరు అండే కారణం కదా అన్నది చివరి ఆక్షేపణ, అందరూ చెప్పేదీ అదే. 1967లో ఎ.ఎస్.రావు నేతృత్వంలో అణుశక్తి శాఖ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, ఆ తర్వాత అణు ఇంధన సముదాయం రాకపోతే హైదరాబాదు ఎలక్ట్రానిక్స్ చరిత్ర వేరుగా ఉండేది. శ్రీహరికోట సంగతి చెప్పనే అక్కర్లేదు. ఈ విజయాలను తక్కువ చేయడం మూర్ఖత్వం. కానీ అవి రుజువు చేసేది పెద్ద లక్ష్యం ఒకటి ముందే తెలిసినప్పుడు, దాన్ని తొందరగా చేరడానికి ఈ దారి బాగా పనికొస్తుందని. లక్ష్యమేదో తెలియని పనికి, అంటే పరిశోధనలో ఎక్కువ భాగానికి, ఇది పనికొస్తుందని అవి రుజువు చేయవు. 2020–21లో దేశం పరిశోధన మీద పెట్టిన ఖర్చు స్థూల దేశీయోత్పత్తిలో 0.64 శాతం. అందులో ఉన్నత విద్యాసంస్థల వాటా 9 శాతం లోపు. కేంద్రం ప్రధాన శాస్త్ర సంస్థల ఖర్చులో రక్షణ, అంతరిక్షం, అణుశక్తి మూడింటిదే సుమారు 60 శాతం. ఈ అంకెలకు కారణాలు చాలా ఉన్నాయి, ప్రైవేటు కంపెనీల పిసినారితనం సహా. అయితే వాటి ఆకారాన్ని 1948లోనే గీశారు.

నెహ్రూ మంచి మనసున్న పోషకుడు కాబట్టి ఈ ఏర్పాటులోని లోపం ఆయన కాలంలో బయటపడలేదు. పోషకుడు మారితే అభిరుచి మారుతుంది, తాళంచెవి అదే. ఇది ఏ పార్టీకో తగిలే మాట కాదు. 1947 తర్వాత ఢిల్లీలో కూర్చున్న ప్రతి ప్రభుత్వమూ ఆ తాళంచెవిని సంతోషంగా అందుకుంది, ఎవరూ వెనక్కి ఇవ్వలేదు. 2023లో పార్లమెంటు అనుసంధాన్ జాతీయ పరిశోధన ప్రతిష్ఠాన్ చట్టం చేసింది. అయిదేళ్లలో 50 వేల కోట్లు, అందులో 36 వేల కోట్లు ప్రభుత్వేతర వనరుల నుంచి రావాలని అంచనా. పరిశోధన లేక ఎండిపోయిన విశ్వవిద్యాలయాలను, ముఖ్యంగా రాష్ట్రాలవాటిని, తిరిగి చిగురింపజేయడం దాని ఉద్దేశాల్లో ఒకటి. అంటే సాహా 1954లో అడిగినదాంట్లో ఒక సగం, డెబ్బై ఏళ్ల తర్వాత, ప్రభుత్వ విధానమైంది. ఆ ప్రతిష్ఠాన్ పాలక మండలికి అధ్యక్షుడు, పదవి రీత్యా, ప్రధానమంత్రి.